కొక్కెర తెగులు: పెరటి కోళ్లకు టీకా చుక్క సరిగ్గా పడాలంటే

పొద్దున గంప ఎత్తగానే కోళ్లన్నీ నూకల మీద ఎగబడుతుంటే ఒక్కటి మాత్రం కదలదు. ఈకలు ఉబ్బించి, మెడ లోపలికి లాక్కుని, కళ్లు మూసి కునుకుతుంటుంది. దాని వెనక నేల మీద ఆకుపచ్చ, తెలుపు కలిసిన నీళ్ల రెట్ట. సాయంత్రానికి ఇంకో రెండు అదే తీరు. మూడో నాటి నుంచి చావులు మొదలవుతాయి. టీకా పడని పెరడైతే వారం పది రోజుల్లో గూడు దాదాపు ఖాళీ అవుతుంది. ఇదే కొక్కెర తెగులు. పశువుల డాక్టర్లు రాణిఖెట్ అంటారు. మన దేశంలో 1927లో కుమావూ కొండల్లోని రాణిఖెట్ దగ్గర గుర్తించారు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. అంతకు ముందు ఏడాదే ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో బయటపడింది, అందుకే బయటి దేశాల్లో న్యూకాసిల్ వ్యాధి అంటారు.

ఇది వైరస్ తెగులు. కోడి ఒంట్లో దూరిన ఈ వైరస్‌ను చంపే మందు ఏ షాపులోనూ లేదు. వెల్లుల్లి, పసుపు, వేపాకు, కల్లు, మనుషుల జ్వరం బిళ్లలు, కాల్చిన కమ్మీతో వాతలు, ఏవీ దాన్ని ఆపలేవు. పసుపు పెడితే నష్టం లేదు గానీ పసుపు పెట్టాం కదా అని ఊరుకుంటే నష్టమే. మిగిలిన దారి ఒక్కటే, టీకా.

అయితే "టీకా వేయించినా చచ్చాయండీ" అనే మాట విజయవాడ చుట్టుపక్కల పల్లెల్లోనూ, గుంటూరు వైపూ తరచుగా వినపడుతుంది. చాలాసార్లు అక్కడ జరిగేది ఒకటే: కోడి కంట్లో పడేసరికే టీకా చచ్చి ఉంటుంది. ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. ఎండ తగిలినా, వేడెక్కినా, కుళాయి నీళ్లలోని క్లోరిన్ కలిసినా ఆ వైరస్ చస్తుంది. అప్పుడు మనం వేసేది ఉత్త నీళ్ల చుక్క. కాబట్టి సీసా షాపులో నుంచి బయటికొచ్చిన దగ్గర్నుంచి కోడి కంటి దాకా ఏం చేయాలన్నదే ఇక్కడ ఎక్కువగా చెబుతున్నాం.

ఏ వయసుకు ఏ టీకా

కోడి పిల్లలకు 5 నుంచి 7 రోజుల మధ్య ఎఫ్-1 గానీ లసోటా గానీ ఒక చుక్క, కంట్లో. 28వ రోజున లసోటా మళ్లీ ఒక చుక్క. 8 వారాలు నిండాక ఆర్2బి, రెక్క కింద చర్మంలోకి అర మిల్లీలీటరు ఇంజెక్షన్. ఆ తర్వాత ఆరు నెలలకోసారి.

మొదటి చుక్క పడిందిగా, రెండోది ఎందుకని చాలామంది 28వ రోజు వదిలేస్తారు. తల్లి పెట్టకు ఇదివరకు టీకా పడి ఉంటే దాని రక్షణ కొంత గుడ్డు ద్వారా పిల్లకూ వస్తుంది. ఆ రక్షణే మొదటి వారంలో వేసిన టీకాను కొంతవరకు కొట్టేస్తుంది. మూడు నాలుగు వారాలకు తల్లి ఇచ్చినది అరిగిపోతుంది, అప్పుడు పడిన చుక్క బాగా పట్టుకుంటుంది. రెండో చుక్క మానేసిన పిల్లలు రెండు నెలల వయసులో, సరిగ్గా చేతికి అందే వేళకు పోతాయి.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ఆర్2బి బలమైన టీకా. ఆరు వారాల లోపు పిల్లలకు అది వేస్తే టీకా వైరసే వాటిని పడగొడుతుంది. కాళ్లు చచ్చుబడి, మెడ తిరిగి చనిపోతాయి. షాపులో రెండు సీసాలూ ఒకేలా కనిపిస్తాయి, లేబుల్ చదివించుకుని తీసుకోండి. గుడ్లు బాగా పెడుతున్న పెట్టలకు కూడా ఆర్2బి వేస్తే కొన్నాళ్లు గుడ్లు తగ్గుతాయి. వాటికి రెండు మూడు నెలలకోసారి లసోటా చుక్క వేసుకోవడం మేలు. వనరాజా, గ్రామప్రియ పిల్లలైనా, మన నాటు కోళ్లైనా, అసీల్ పుంజులైనా లెక్క ఇదే. నాటు కోడికి రోగం రాదనుకోవడం వట్టి భ్రమ. ఈ తెగులుకు అదీ పడిపోతుంది.

టీకా వేసిన రోజే రక్షణ రాదు, రెండు వారాలు పడుతుంది. సంక్రాంతికి ఊళ్లలో పుంజులు చేతులు మారతాయి, సంతల్లో కోళ్లు కిక్కిరుస్తాయి, ఆ వెంటే తెగులు పెరళ్లలోకి దిగుతుంది. కాబట్టి మీ దగ్గర ఉన్న కోళ్లన్నిటికీ డిసెంబరు 25 లోపే టీకా అయిపోవాలి. భోగి ముందు రోజు పరుగెత్తితే ఫలితం ఉండదు.

టీకాకు వారం ముందు నులిపురుగుల మందు తాగించండి. కడుపులో పాములున్న కోడి నీరసంగా ఉంటుంది, టీకాను సరిగ్గా అందుకోదు. ఆల్బెండజోల్ అయితే కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములుండే సీసా అయితే కిలోన్నర పెట్టకు 0.6 మిల్లీలీటరు సరిపోతుంది. ఎన్ని రోజుల పాటు ఆ గుడ్లు, మాంసం తినకూడదో డాక్టరును అడిగి రాసుకోండి.

సీసా మీ ఇంటికి చేరేదాకా

టీకా సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో విజయవాడలో నీడపట్టునే 42, 43 డిగ్రీలుంటుంది. గుంటూరులో కొని, చొక్కా జేబులో వేసుకుని తెనాలి దాకా బండి మీద వెళ్తే ఇంటికి చేరేసరికి అందులో పనికొచ్చేది పెద్దగా మిగలదు. షాపుకు వెళ్లేటప్పుడే వెడల్పు మూతి ఫ్లాస్కులో సగం ఐసు ముక్కలు వేసుకుని వెళ్లండి. సీసాను చిన్న ప్లాస్టిక్ కవర్లో చుట్టి, దానితో వచ్చే డైల్యూయెంట్‌ను కూడా ఐసులోనే పెట్టండి. డైల్యూయెంట్ అంటే టీకా కలపడానికి ఇచ్చే ద్రావణం. అది వేడిగా ఉంటే చల్లటి టీకా అందులో పడగానే దెబ్బ తింటుంది. చాలామంది సీసాను జాగ్రత్త చేసి ద్రావణాన్ని సంచిలో పడేస్తారు, తప్పు అక్కడ జరుగుతుంది.

ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో పెట్టొద్దు, తీసినప్పుడల్లా వేడి తగిలేది అక్కడే. మధ్య అరలో వెనగ్గా పెట్టండి. వేసవిలో కరెంటు పోయే రోజులు కాబట్టి తెచ్చిన మర్నాడు పొద్దున్నే వేసేయడం అన్నిటికన్నా మంచిది. కొనేటప్పుడు గడువు తేదీ చూడండి, షాపువాళ్లు సీసాను ఫ్రిజ్‌లో నుంచి తీస్తున్నారో బయటి అరలో నుంచి తీస్తున్నారో కూడా చూడండి. బయట నుంచి తీస్తే కొనకుండా వచ్చేయండి.

పెరటి కోళ్లవాళ్లకు ఉన్న అసలు ఇబ్బంది ఇంకోటి. సీసాలో తక్కువలో తక్కువ 100 డోసులు ఉంటాయి, మన దగ్గర ఉండేవి పన్నెండు. మిగిలింది దాచుకుందాం అనుకుంటే కుదరదు. ద్రావణం కలిపిన టీకా రెండు గంటలు దాటితే పారబోయాల్సిందే. అందుకని వీధి వీధంతా కలిసి ఒకే పొద్దున వేయించుకోవాలి. మీ గూట్లో కోళ్లకు పడి, పక్కింటి కోళ్లకు పడకపోతే గోడ దూకి వచ్చే తెగులు ఆగదు కూడా. అలాగే పెట్టల్ని పొదగేసేటప్పుడు రెండు మూడింటిని ఒకే రోజు కూర్చోబెట్టండి. 21 రోజులకు పిల్లలన్నీ ఒకేసారి లేస్తాయి, అన్నిటికీ ఏడో రోజు ఒకటే అవుతుంది, ఒక్క సీసాతో పని తేలుతుంది.

చుక్క వేయడం

తెల్లవారుజామున, గంపలు ఎత్తక ముందే మొదలుపెట్టాలి. కోళ్లు లోపలే ఉంటాయి, ఎండా ఉండదు. చేతులు సబ్బుతో కడిగి బాగా ఆరనివ్వండి, శానిటైజర్ రాసుకోవద్దు.

సీసా అడుగున తెల్లటి బిళ్లలాంటి పొడి ఉంటుంది. సిరంజిలోకి చల్లటి ద్రావణం కొద్దిగా తీసుకుని రబ్బరు మూతలోకి సూది గుచ్చితే, మంచి సీసా దాన్ని తనంతట తనే లోపలికి లాక్కుంటుంది, లోపల గాలి లేకుండా చేసి మూస్తారు కాబట్టి. లాక్కోకపోతే మూత ఎక్కడో వదులైందని అర్థం, ఆ సీసాను నమ్మొద్దు. గట్టిగా గిలకొట్టకుండా మెల్లగా తిప్పుతూ కరిగించండి.

ఎంత ద్రావణంలో కలపాలన్నది డ్రాపర్‌ను బట్టి ఉంటుంది. ఇది చాలామంది చూడరు. 100 డోసుల సీసాకు మామూలుగా 3 మిల్లీలీటర్లు చెబుతారు, అంటే మిల్లీలీటరుకు 33 చుక్కలు రావాలి. మీ చేతిలో ఉన్న డ్రాపర్ మొన లావుగా ఉంటే మిల్లీలీటరుకు 20 చుక్కలే వస్తాయి, 60 కోళ్లకే సీసా అయిపోతుంది. ముందు రోజే ఉత్త నీళ్లు ఒక మిల్లీలీటరు తీసుకుని చుక్కలు లెక్కపెట్టండి. 20 వస్తే 100 డోసులను 5 మిల్లీలీటర్లలో కలపాలి, 25 వస్తే 4 మిల్లీలీటర్లలో. కలిపిన సీసాను ఐసు ముక్కలున్న గిన్నెలో నిలబెట్టి, పైన తడిగుడ్డ కప్పి, కొంచెం కొంచెంగా డ్రాపర్‌లోకి తీసుకోండి. అరచేతిలో పట్టుకుని తిరిగితే చేతి వేడికే పాడవుతుంది.

కోడి పిల్లను ఎడమ చేతిలోకి తీసుకుని, బొటనవేలు, చూపుడువేలితో తల పక్కకు తిప్పి ఒక కన్ను పైకి వచ్చేలా పట్టుకోవాలి. డ్రాపర్ నిటారుగా, కంటికి వేలెడు ఎత్తున. మొన కంటికి తగలకూడదు, తగిలితే ఒక కోడి రోగం ఇంకోదానికి అంటుతుంది. చుక్క కంట్లో పడగానే వదిలేయొద్దు. మెరుస్తున్న ఆ చుక్క ఒక్క క్షణం కనుగుడ్డు మీద నిలుస్తుంది, పిల్ల రెప్ప కొడుతుంది, చుక్క లోపలికి ఇంకిపోయి కన్ను మళ్లీ మామూలుగా కనిపిస్తుంది. అప్పుడు వదలండి. తల విదిలించి చుక్క బయట పడితే ఇంకోటి వేయండి. టీకా పడినవాటిని వేరే గంప కింద పెట్టండి, లేకపోతే ఏది పడిందో ఏది పడలేదో ఎవరికీ గుర్తుండదు. ఒకటి రెండు రోజులు కొన్ని తుమ్మినా, కొద్దిగా నలతగా ఉన్నా భయం లేదు.

చుక్క మీ కంట్లో పడకుండా చూసుకోండి, కన్ను ఎర్రబడి రెండు మూడు రోజులు నీరు కారుతుంది. అప్పటికే నలతగా ఉన్న కోడికి టీకా వేయకూడదు.

నలభై, యాభై కోళ్లు ఉండి ఒక్కొక్కటి పట్టడం కుదరకపోతే నీళ్లలో ఇవ్వొచ్చు, కానీ కంటి చుక్కంత నమ్మకం లేదు. కుళాయి నీళ్లు పనికిరావు, బోరు నీళ్లో కాచి చల్లార్చిన నీళ్లో తీసుకోండి. ముందు రోజు నుంచి నీళ్లలో పొటాషియం పర్మాంగనేట్ గానీ మరే మందు గానీ కలపొద్దు. లీటరుకు రెండున్నర గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి అరగంట ఉంచి, ఆ తర్వాత టీకా కలపాలి. కోళ్లకు గంటా రెండు గంటలు నీళ్లు ఆపి, 28 రోజుల పిల్లలు యాభై ఉంటే లీటరున్నరకు మించకుండా పెట్టండి. మట్టి మూకుళ్లు, ప్లాస్టిక్ డబ్బాలు వాడండి, రేకు డబ్బాలు వద్దు. రెండు గంటల్లో మొత్తం తాగేయాలి.

ఆర్2బి ఇంజెక్షన్‌ను మొదటిసారి పశు సంవర్ధక సహాయకులతోనే వేయించుకోండి. రైతు సేవా కేంద్రంలో అడిగితే వస్తారు. 100 డోసులను 50 మిల్లీలీటర్ల చల్లటి సెలైన్‌లో కలిపి, రెక్క ఎత్తి, లోపలి వైపు ఈకలు లేని చోట చర్మాన్ని చిటికెలా పట్టుకుని అర మిల్లీలీటరు వేస్తారు. సూదిని పది కోళ్లకోసారైనా మార్చమనండి. వేసిన తర్వాత రెండు మూడు రోజులు కొన్ని మందకొడిగా ఉంటాయి. కోళ్ల మశూచి టీకాను అదే రోజు వేయించొద్దు, రెండు వారాల ఎడం ఉంచండి.

తెగులు వచ్చేశాక

వైరస్ సోకిన తర్వాత లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 15 రోజులు పడుతుంది, ఎక్కువగా అయిదారు రోజులు. ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి, తోలు గుడ్లు, ఉన్నట్టుండి గుడ్లు ఆగిపోవడం, రెక్కలు వాలిపోవడం ముందు కనిపిస్తాయి. వాటిని దాటుకుని బతికినవాటిలో కొన్నింటికి మెడ మెలితిరిగి తల వెనక్కి పడుతుంది, గుండ్రంగా తిరుగుతూ గింజను పొడవబోతే ముక్కు పక్కన పడుతుంది. మేలో ఎండదెబ్బకూ నోరు తెరిచి రొప్పుతాయి, కానీ అది మధ్యాహ్నం పూట వచ్చి సాయంత్రం చల్లబడగానే తగ్గుతుంది, ఆకుపచ్చ రెట్ట ఉండదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బర్డ్ ఫ్లూ కూడా దాదాపు ఇలాగే మొదలవుతుంది. తల మీది ఎర్ర జుట్టు నీలంగా మారడం, తల వాయడం, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు, ఒక్క రాత్రిలో చాలా కోళ్లు పోవడం, కాకులు, బాతులు కూడా రాలిపడటం కనిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. కానీ చూపుతో ఈ రెండింటినీ వేరు చేయడం డాక్టరుకు కూడా సాధ్యం కాదు, ల్యాబు పరీక్ష కావాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోనూ, మన ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోనూ బర్డ్ ఫ్లూ బయటపడింది. కాబట్టి ఒకటి రెండు రోజుల్లో మూడు నాలుగు కోళ్లు పోతే వెంటనే పశువైద్యశాలకు గానీ 1962 నంబరుకు గానీ చెప్పండి. చనిపోయిన కోడిని ఇంట్లో కోసి చూడొద్దు. డాక్టరు అడిగితే అప్పుడే చనిపోయినదాన్ని రెండు కవర్లలో కట్టి, ఐసు మీద పెట్టి ఇవ్వండి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడి దాకా తీసుకెళ్లాలా వద్దా అన్నది డాక్టరు చెప్పినట్టు చేయండి.

చాలా ఇళ్లలో నలత కనిపించగానే "చచ్చిపోయేలోపు కోసేద్దాం" అంటారు, లేదా సంతకు పట్టుకెళ్లి అమ్మేస్తారు. బాధ అర్థమవుతుంది, ఒక్కో పుంజు వెనక ఏడాది చాకిరీ ఉంటుంది. కానీ ఆ ఈకలు, పేగులు, కడిగిన నీళ్లే వీధి మొత్తానికి తెగులును పంచుతాయి. అది బర్డ్ ఫ్లూ అయితే కోసినవాళ్లకు, పక్కన ఆడుకునే పిల్లలకు ప్రాణాపాయం. దయచేసి ఆ పని చేయొద్దు.

నలతగా ఉన్నవాటిని వెంటనే వేరు చేసి, మిగతావాటికి దూరంగా, గాలి వాటుకు కింది వైపు ఉంచండి. రోజూ ముందు బాగున్న కోళ్లకు మేత, నీళ్లు పెట్టి, ఆ తర్వాతే వీటి దగ్గరికి వెళ్లండి. ముక్కుకు గుడ్డ, చేతికి కవరు, విడిగా ఒక జత చెప్పులు ఉండాలి. తిండి మానేసిన కోడికి లీటరు నీళ్లలో కలిపే ఓఆర్ఎస్ పొట్లం కలిపి, సూది తీసేసిన సిరంజితో పట్టొచ్చు. ముక్కు పక్క నుంచి రెండు మూడు చుక్కలు వేసి, మింగాక మళ్లీ వేయాలి. నోరు తెరిచి ఒక్కసారిగా పోస్తే నాలుక మొదట్లో ఉండే గాలి గొట్టంలోకి నీళ్లు దిగి కోడి అప్పుడే చనిపోతుంది. మెత్తగా ఉడికిన నూకల జావ, బి-కాంప్లెక్స్ చుక్కలు ఇవ్వొచ్చు. డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే అది వైరస్‌కు కాదు, వెంట వచ్చే ఇతర క్రిములకు. రాసినన్ని రోజులు పూర్తిగా ఇవ్వండి.

బాగున్నవాటికి అప్పుడు లసోటా చుక్క వేయాలా అన్నది డాక్టరు చూసి చెబుతారు. వేసినా, అప్పటికే లోపల తెగులు పొదుగుతున్నవి చనిపోతాయి, దానికి టీకాను తప్పుపట్టకూడదు. ఇంజెక్షన్ మాత్రం ఆ సమయంలో వద్దు, ఒకే సూది కోడి నుంచి కోడికి తెగులు మోస్తుంది. ఇరుగుపొరుగువాళ్లకు దాచకుండా చెప్పండి, వాళ్లు తమ కోళ్లకు టీకా వేయించుకోవడానికి ఆ నాలుగు రోజులే దొరుకుతాయి.

పూడ్చడం, కడగడం, మళ్లీ మొదలుపెట్టడం

చనిపోయిన కోళ్లను బందరు కాలవలోనో కొమ్మమూరు కాలవలోనో విసిరేయడం మానాలి. కుక్కలు ఈడ్చుకెళ్తాయి, కింది ఊళ్లకు తెగులు వెళ్తుంది. బావికి, బోరుకు దూరంగా గొయ్యి తీసి, కోళ్ల మీద సున్నం చల్లి, పైన కనీసం మూడడుగుల మట్టి పడేలా పూడ్చండి. విజయవాడలో డాబాల మీద పెంచేవాళ్లకు చోటు ఉండదు, కార్పొరేషన్ పారిశుద్ధ్య సిబ్బందికి విషయం చెప్పి అప్పగించండి, మామూలు చెత్త డబ్బాలో వేయొద్దు.

గూట్లో రెట్ట, పొట్టు మీద ముందు నీళ్లు చిలకరించి, దుమ్ము లేవకుండా గీకి గొయ్యిలోకే వేయండి. తర్వాత సబ్బు నీళ్లతో రుద్ది కడగాలి. దాని తర్వాతే లీటరుకు 30 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు. రెట్ట మీదే బ్లీచింగ్ చల్లితే ఆ మురికిలోనే దాని బలం అయిపోతుంది, కింద వైరస్ అలాగే ఉంటుంది. గోడలకు, నేలకు సున్నం కొట్టండి. గంపలను, మూకుళ్లను ఇలాగే కడిగి ఎండలో పెట్టండి. మరీ పాతబడి అల్లికలో రెట్ట ఇరుక్కున్న వెదురు గంప అయితే కాల్చేయడమే నయం, ఆ సందుల్లో ఏ మందూ దిగదు.

మెడ తిరిగి బతికిన కోళ్ల విషయం కష్టం. కొన్ని నెలల మీద కోలుకుంటాయి, కొన్ని జీవితాంతం అలాగే ఉంటాయి, లోతైన గిన్నెలో మేత పెడితే తినగలవు. అయితే బయటికి బాగున్నట్టు కనిపించినా కొన్ని వారాల పాటు వాటి రెట్టలో వైరస్ వస్తుంటుంది. వాటిని ఉంచుకుంటే కొత్త కోళ్లను తేవడం ఇంకా వాయిదా వేయండి.

చివరి కోడి పోయిన రోజు నుంచి కనీసం నెల గూడు ఖాళీగా ఉంచాలి. ఆ తర్వాత ఒకేసారి పాతిక పిల్లలు తేకుండా, టీకా పడిన మూడు నాలుగు కోళ్లను తెచ్చి మూడు వారాలు చూడండి. అవి బాగుంటే మిగతావి. తర్వాత ఎప్పుడు సంత నుంచి కోడి తెచ్చినా, చుట్టం బహుమతిగా పుంజు ఇచ్చినా, 21 రోజులు పెరటిలో ఇంకో మూల వేరే గంప కింద, వేరే మూకుడుతో ఉంచండి. మోపెడ్ మీద రంగులద్ది అమ్మే పిల్లల్ని మాత్రం కొనొద్దు, వాటికి ఏ టీకా పడిందో అమ్మేవాళ్లకూ తెలియదు. గోడ మీద క్యాలెండరులో పిల్లలు లేచిన రోజును గుర్తు పెట్టి, అక్కడి నుంచి 7, 28, 56 రోజుల తేదీల చుట్టూ అప్పుడే సున్నా చుట్టేయండి.